రెండు సీట్ల కారు

"ఆ వెనక చక్రం పైన మట్టి అలాగే ఉంది, కనబడట్లేదా?" అన్నాడు భర్త, వరండాలో కుర్చీలో కాళ్లు చాపుకుని కాఫీ తాగుతూ.

కనబడుతూనే ఉంది. ఆమె ఇంకా ఆ వైపుకి రాలేదు, అంతే. ముందు పైకప్పు కడగాలి, తర్వాత అద్దాలు, ఆ తర్వాత తలుపులు, చక్రాలు ఆఖర్న. కింది నుంచి మొదలుపెడితే పైనుంచి కారిన మురికి మళ్లీ కిందికే వచ్చి పని రెండింతలవుతుంది. ఆ సంగతి ఆయనకి తెలియదు. తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆమె గుడ్డ పిండుకుని ఆ చక్రం దగ్గరికే వెళ్లి గొంతుక్కూర్చుంది.

ఆదివారం పూట కారు కడిగే పని తన నెత్తిన ఎప్పుడు పడిందా అని ఆమె చాలాసార్లు ఆలోచించింది. పెళ్లైన కొత్తలో "ఇద్దరం కలిసి కడుగుదాం, సరదాగా ఉంటుంది" అన్నాడు. కలిసే కడిగారు. కొన్నాళ్లకి ఆయనకి నడుం పట్టేసింది. నడుం నొప్పి ఆయన్ని వదిలేసింది గానీ బకెట్ ఆమెని వదల్లేదు. ఈ పాతికేళ్లలో ఇంట్లో మూడు కార్లు మారాయి. కడిగే మనిషి మారలేదు. కార్లో ఆ మనిషి కూర్చునే చోటూ మారలేదు. స్టీరింగ్ దగ్గర భర్త, పక్కన అత్తగారు. వెనక కిటికీల దగ్గర మరిదీ తోటికోడలూ. మధ్యలో, కాళ్ల కింద గూనిలా లేచి ఉన్నచోట ఆమె. "మీరు సన్నగా ఉంటారుగా వదినా, సర్దుకుంటారు" అనేవాడు మరిది. వాళ్లిద్దరూ రాని రోజు కిటికీల దగ్గర సంచులు కూర్చునేవి. సంచులు ఒరిగిపోకుండా పట్టుకోవడానికి మధ్యలో ఒకరుండాలి కదా.

ఆమెకి లైసెన్సు లేదనుకునేరు. పెళ్లికి ముందే తీసుకుంది. కొత్తకాపురంలో ఒకసారి కారు వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి రాసుకుపోయేలా చేసింది. వేలెడంత గీత. ఆ గీత కథ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ వినిపించాడు భర్త. గేటుని, గేటు మీద పూల కుండీని, ఆమె మొహాన్ని అభినయించి మరీ చెప్పేవాడు. తను ఒకసారి హైవే మీద కునుకు తీసి కారుని పొలంలోకి దింపిన సంగతి మాత్రం ఎవరూ చెప్పకూడదు. ఆ రోజు వెనక సీట్లో ఆమె పెదవి చిట్లింది. అది "ఆ రోజు రోడ్డు బాలేదు" అనే ఒక్క ముక్కతో ముగిసిపోయింది.

ఆమె పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి. రోజంతా ఇవే మాటలు. ఇనప బల్ల మీద పడుకున్న ప్రతి మనిషీ లేచాక ఆమె మొహం వంక చూస్తాడు. "ఏమైనా ఉందామ్మా?" అని అడుగుతాడు. ఆమెకి తెర మీద కనబడుతూనే ఉంటుంది, ఉందో లేదో. అయినా "డాక్టరుగారు చెప్తారు" అంటుంది. అలా అని అని ఆమె మొహం ఒక మూసిన తలుపైపోయింది. ఒకసారి మాత్రం నోరు జారింది. ఒక ముసలాయన మణికట్టులో వెంట్రుకలాంటి పగులు కనిపిస్తే, కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరుకి వేలు పెట్టి చూపించింది. "మీరు ఎక్స్‌రేలు తీయండి మేడమ్, చూసే పని మాకొదిలెయ్యండి" అన్నాడతను, నర్సులందరి ముందూ. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. పగులు అందులో ఉంది. కింద అతని సంతకం ఉంది.

తనకంటూ ఒక కారు కావాలన్న కోరిక పుట్టింది మాత్రం ఒక నాలుగు రోడ్ల కూడలిలో. అందరూ ఎవరింటికో భోజనానికి వెళ్తున్నారు. వెనక మధ్య సీట్లో, ఒళ్లో పళ్లబుట్ట పెట్టుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉంది ఆమె. ఎర్ర దీపం పడింది. పక్కన ఒక పాత కారు వచ్చి ఆగింది. నేలకి జానెడెత్తులో, పొడుగాటి ముక్కుతో, గుండ్రటి దీపాలతో, పైన గుడ్డ టాపు మడతపెట్టి ఉంది. తల నెరిసిన ఒకావిడ ఒక్కతే నడుపుతోంది. ఆమె చూసింది ఆవిడని కాదు, పక్క సీటుని. అందులో ఏమీ లేదు. సంచి లేదు, గొడుగు లేదు, మనిషి లేడు. ఖాళీగా ఉన్నందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని సీటు. పచ్చ దీపం పడింది. ఆ కారు గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి వెళ్లిపోయింది. "పాత డబ్బా, పొగ చూడు" అన్నాడు భర్త. అవునవునన్నాడు మరిది.

మర్నాడు ఆమె భోజనాల వేళ ఆసుపత్రి క్యాంటీన్‌లో మూల బల్ల దగ్గర కూర్చుని ఫోన్లో వెతకడం మొదలుపెట్టింది. ఆ కారు పేరు, ఏ కాలం నాటిది, ఎన్ని రకాలు, వాటిలో ఏది మంచిది, ఏది కొంపలు ముంచుతుంది. గ్రంథాలయంలో మోటారు పుస్తకాలుండే అర ముందు నేల మీద కూర్చుని చదివింది. చదువుతుంటే ఆమెకి ఆశ్చర్యం వేసింది. ఇదంతా తనకి తెలిసిన విద్యే. బయటికి నున్నగా కనిపించేదాని లోపల ఏం జరుగుతోందో పట్టుకోవడం. పాత కార్లకి ప్రాణం ఇంజిన్లో కాదు, అడుగున అన్నిటినీ మోసే చాసిస్ చట్రంలో ఉంటుందని తెలుసుకుంది. ఇంజిన్ మార్చుకోవచ్చు. ఎముకలు తుప్పు పడితే పైన ఎంత రంగు పూసినా దండగే.

ఏడాది దాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఎవరైనా అడిగితే కదా. చివరికి ఒక రాత్రి భోజనాల దగ్గర తనే చెప్పింది, ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కుందామనుకుంటున్నాను అని. ముందు మరిది నవ్వాడు. వాడిని ఇంట్లో ‘కార్ల డాక్టర్’ అంటారు. ఏ కారు గురించైనా అడక్కుండానే మందు చీటీ రాసిచ్చేస్తాడు. పాత కారంటే ముసలి గుర్రం లాంటిదనీ, మేపడమే గానీ ఎక్కేది ఉండదనీ చెప్పాడు. భర్తకి ఇంకా ముచ్చటేసింది. అంత కిందున్న కార్లో ఈవిడ దిగబడితే లేపడానికి ఇద్దరు కూలీలని పెట్టాలన్నాడు. ఆ రోజు నించి ఇంట్లో ఆమె పేరు ‘రేసు రాణి’ అయిపోయింది. రేసు రాణిగారూ, మంచినీళ్లు. రేసు రాణిగారూ, నా చొక్కా ఇస్త్రీ అయిందా.

అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆవిడ ఎప్పుడూ అసలు విషయం దగ్గరికే వస్తుంది. "రెండే సీట్లా?" అని అడిగింది.

"అవునత్తయ్యా."

"అయితే మూడో మనిషిని ఇంట్లో వదిలెయ్యడానికే కొంటున్నావన్నమాట. ఆ మూడో మనిషిని నేనేగా."

ఎందుకు కావాలనిపించిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడుగుతారేమోనని ఆమె జవాబు కూడా సిద్ధం చేసుకుంది. గిన్నెలు కడుగుతున్నంతసేపూ ఆ జవాబు నోట్లోనే నానింది.

తర్వాత ఆదివారం, కారు కడగడం తొందరగా ముగించుకుని, పాత కార్ల వాళ్ల సంఘం కలుసుకునే మైదానానికి వెళ్లింది. టోపీ పెట్టుకున్న కార్యదర్శి ఎదురొచ్చి "మీవారు రాలేదా?" అన్నాడు. నేనే వచ్చానంది. ఆయన అటూ ఇటూ చూసి, గొడుగు కింద మడత కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్ల వైపు దారి చూపించాడు. అక్కడ భార్యలు ఫ్లాస్కుల్లోంచి టీ పోస్తున్నారు. మంచివాళ్లే. కుర్చీ జరిపి రమ్మన్నారు. ఆమె టీ తాగి, కప్పు కడిగిచ్చి, లేచి వెళ్లి ఒక కారు పక్కన గడ్డిలో వెల్లకిలా పడుకుని కిందికి జరిగింది. పైన మగవాళ్ల మాటలు టక్కున ఆగిపోయాయి. ఏదైనా పడేసుకున్నారా మేడమ్ అని ఎవరో అడిగారు. లేదు, చూస్తున్నానంది కింద నుంచే. అంతసేపూ ఆమెకి నాలుగైదు జతల బూట్లు మాత్రమే కనబడ్డాయి. అవి ఏం చెయ్యాలో తోచక ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాయి.

అమ్మేవాళ్లు ఇంకో రకం. ఫోన్లో ఆడగొంతు వినగానే ఒకడు "మీవారిని మాట్లాడమనండి" అని పెట్టేశాడు. ఇంకొకడు ఇంజిన్ గురించి అడిగితే సీట్ల రంగు గురించి చెప్పాడు. ఒకాయన వాకిట్లోనే ఎదురొచ్చి, ఇప్పుడే తీస్తున్నా చూడండి, తాళం తిప్పగానే ఎలా అందుకుంటుందో అని గొప్పగా చెప్పాడు. ఆమె బోనెట్ మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు మొరాయించే ఇంజిన్‌ని ఆమె రాకముందే కాచి ఉంచాడు. నమస్కారం పెట్టి వచ్చేసింది. ఆమె మొహం చూసి ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నచ్చిందో లేదో, కొంటుందో కొనదో. ఇన్నేళ్లూ ఆసుపత్రి నేర్పిన మొహం అది.

అలా తిరుగుతుండగా ఎర్ర కారు కనబడింది. ఊరి చివర ఒక డీలరు షెడ్డులో, దీపాల వెలుగులో, దొండపండులా నిగనిగలాడుతోంది. చూడగానే ఆమె గుండె కూడా ఒకసారి ఆగి కొట్టుకుంది. డీలరు పనివాడికి టీ తెమ్మని చెప్పి వచ్చేలోగా, సంచిలోంచి రుమాల్లో చుట్టిన అయస్కాంతం తీసి తలుపు కింద పట్టించింది. అంటుకోలేదు. ఇంకో చోట పెట్టింది. అక్కడా జారిపోయింది. ఇనుముండాల్సిన చోటంతా పుట్టీ నింపి రంగేశారు. సీట్ల వెనక పరిచిన తివాచీ ఎత్తి, టార్చి వేసి చూస్తే, చక్రాన్ని పట్టుకునే చోట చాసిస్ మీద కొత్త రేకు ముక్కొకటి అతికించి తారు పూసి ఉంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది.

ఆ రాత్రి భర్త "రేసు రాణిగారు ఇవాళ ఏం కొన్నారు?" అని అడిగితే ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఊరి చివర డీలరు దగ్గర ఎర్రది ఒకటి చూశాను, చూడ్డానికి బాగుంది, లోపలంతా పుచ్చు, వెనక చక్రం ఏదో ఒక రోజు ఊడి చేతికొస్తుంది, వద్దనుకున్నాను అని. ఫొటో చూపించమన్నాడు. చూపించింది. "ఎర్రగా భలే ఉందే" అన్నాడు. ఫోను తమ్ముడికి ఇచ్చాడు. తమ్ముడు రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి, నోరు చప్పరించి, క్లాసు కారు అన్నయ్యా అన్నాడు. పుచ్చన్న మాట ఎవరి చెవినా పడలేదు. రంగు కళ్లబడింది, చాలదూ.

నీలం కారు దొరికింది ఆ తర్వాతే. దాని యజమాని రిటైరైన పీటీ టీచరు. డెబ్బై దాటినావిడ. గొంతులో ఇంకా విజిలుంది. వేళ్లు కీళ్లనొప్పులతో వంకర్లు పోయి గేరు పట్టుకోలేకపోతోంది. "వస్తారు, ఫొటోలు దిగుతారు, పోతారు. నువ్వూ అంతేనా?" అంది గుమ్మంలోనే. కారు వెలిసిపోయి ఉంది. గుడ్డ టాపుకి రెండు చోట్ల అతుకులు. తలుపు మీద సొట్ట. అయస్కాంతం మాత్రం ఎక్కడ పెడితే అక్కడ టకటకా అంటుకుంది. ఆమె కిందికి దూరి ఒక గంట చూసి వచ్చింది. ఆ గంటా టీచరు మెట్ల మీద కూర్చుని చూస్తూనే ఉంది గానీ ఒక్క మాట పొగడలేదు. దాచడానికేమీ లేనివాళ్లకి పొగిడే పనేముంది.

తర్వాత టీచరు పక్క సీట్లో కూర్చుని కారు నడపమంది. మొదటి గేరు వెయ్యాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, తొందరపడితే గొడవపెట్టుకుంటుంది అని చెప్పింది. వీధి చివరిదాకా వెళ్లి మలుపు తిరిగేసరికి ఆమె నవ్వుతోంది. నవ్వుతున్నానని ఆమెకి అద్దంలో చూసుకున్నాకే తెలిసింది.

"ఎక్కడ పెడతావు దీన్ని?" అనడిగింది టీచరు దిగాక. "వానలో పెడితే చచ్చిపోతుంది. నీ మొగుడేమంటాడో నాకక్కర్లేదు, దీని నెత్తిన కప్పుందా లేదా చెప్పు."

మా ఇంట్లో షెడ్డు ఉందంది ఆమె. నిజమే. పాత సామాను తీసేస్తే ఒక కారు పడుతుంది. సోమవారం వచ్చి డబ్బు కడతానని చెప్పింది. ఆ మధ్యలో ఆమె పుట్టినరోజు పడింది.

పుట్టినరోజుకి చుట్టాలని పిలుద్దామన్నాడు భర్త. ఇన్నేళ్లలో ఎప్పుడూ పిలవలేదు. ఆమె తెల్లారకముందే లేచి అందరికీ వండింది. వడ్డించింది. కుర్చీలు సరిపోక తను వంటగట్టుకి ఆనుకుని తింది. భోజనాలయ్యాక అందరూ వాకిట్లోకి రావాలన్నాడు భర్త. ఆమె కళ్లు మూశాడు. ఆయన చేతులకి సబ్బు వాసన. చెయ్యి తీసేసరికి ఎదురుగా ఎర్ర కారు. బోనెట్ మీద పెద్ద పట్టు రిబ్బను.

అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏడాదిగా దీని చుట్టూ తిరుగుతోంది పిచ్చిది. చివరికి కొనిచ్చేశాను" అన్నాడు భర్త అందరితో. ఎంత మంచి మొగుడమ్మా అని ఎవరో అన్నారు. తోటికోడలు మరిది వంక ఓరగా చూసింది. "ఇది వద్దని చెప్పాను కదండీ" అంది ఆమె మెల్లగా.

"ఆడవాళ్లు వద్దంటే కావాలని. ఆ మాత్రం అర్థం చేసుకోకపోతే ఇన్నేళ్లు కాపురమెలా చేస్తాను?"

వాకిలంతా గొల్లుమంది. ఆమె ఈసారి గొంతు పెంచింది. వెనక చక్రం దగ్గర చాసిస్ పుచ్చిపోయింది, ఎవరినీ ఎక్కించుకోవద్దంది. మరిది నవ్వు ఆపుకుంటూ "చాసిస్ అంటే ఏంటో తెలుసా అసలు వదినా?" అన్నాడు. తను స్వయంగా చూసి తెచ్చానన్నాడు. భర్త తాళంచెవి ఆమె చేతికివ్వబోయి, ఫొటో తీశాక, మళ్లీ తీసేసుకున్నాడు. గేరు కాస్త మొండిగా ఉంది, ముందు నేను నడిపి చూస్తానన్నాడు. పక్క సీట్లో అత్తగారిని కూర్చోబెట్టాడు. ఇద్దరూ వీధి చుట్టూ ఒక చుట్టు తిరిగారు. ఎవరి పుట్టినరోజో ఆ మనిషి వాకిట్లో రిబ్బను పట్టుకుని నిలబడింది. అత్తగారి చేతిసంచి, కళ్లజోడు పెట్టె కూడా ఆమె చేతిలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ అడిగింది, కారు కాగితాలు ఎవరి పేరు మీదున్నాయని. నా పేరు మీదే, నీకెందుకు ఆఫీసుల చుట్టూ తిరగడం అన్నాడు. డబ్బు మాత్రం ఇద్దరి పేరు మీదున్న ఖాతాలోంచి తీశాడు. పండగల్లో, సెలవుల్లో, అందరూ ఇంట్లో ఉన్నప్పుడు ఆమె ఎక్స్‌రే గదిలో నిలబడి తెచ్చిన డబ్బది. నీదీ నాదీ ఏముంది, మనదే కదా అని ఎప్పుడో ఆయనే ఆ ఖాతా తెరిపించాడు. ఆమె డబ్బు తియ్యాలంటే మనది. ఆయన తీస్తే బహుమతి.

సోమవారం ఆమె టీచరుకి ఫోన్ చేసి రాలేనని చెప్పింది. ఎందుకని టీచరు అడగలేదు. "సరే" అని పెట్టేసింది. అది ఆమెకి తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

ఎర్ర కారుని షెడ్డులో పెట్టారు. ఆదివారం కడగాల్సిన కార్లు రెండయ్యాయి. భర్త, మరిది వంతులేసుకుని దాన్ని తిప్పారు. ఆమె ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కనందుకు కృతజ్ఞత లేని మనిషనిపించుకుంది. అత్తగారిని మాత్రం రోజూ బతిమాలింది, అందులో వెళ్లకండత్తయ్యా అని. "నువ్వు కూర్చోవు, నన్ను కూర్చోనివ్వవు" అని విసుక్కుంది ఆవిడ.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రికి ఫోన్ వచ్చింది. రింగు రోడ్డు మలుపులో ఎర్ర కారు వెనక చక్రం కుంగి, కారు గిర్రున తిరిగి డివైడరుకి కొట్టుకుంది. భర్తకి గీతలు పడ్డాయి. అత్తగారి చెయ్యి విరిగింది. అత్తగారిని ఇనప బల్ల మీద పడుకోబెట్టి ఎక్స్‌రే తీసింది ఆమే. ఊపిరి బిగబట్టండత్తయ్యా అంది. ముసలావిడ చిన్నపిల్లలా ఆమె కొంగు పట్టుకుంది. "ఏమైనా ఉందా అమ్మాయ్?" అనడిగింది. అందరూ అడిగినట్టే.

"విరిగిందత్తయ్యా. రెండు చోట్ల. అతుక్కుంటుంది, భయపడకండి" అంది ఆమె, మొహం దాచుకోకుండా. కుర్ర డాక్టరు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె అతని వంక చూడనైనా చూడలేదు.

మెకానిక్ షెడ్డు వాళ్లు కారు చాసిస్ చూసి పెదవి విరిచారు. ఆ సాయంత్రం నించి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ భర్త ఆ కథ చెప్పాడు. డీలరు ఎంత దుర్మార్గుడో, పుట్టీ ఎలా నింపాడో, తారు ఎలా పూశాడో, తనకి మొదట్నించీ ఎక్కడో అనుమానంగానే ఉండేదని. ఆమె చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆయన నోట్లోంచి వస్తుంటే ఆమె టీ కప్పులు అందిస్తూ వింది. ఆఖరి చుట్టం వెళ్లిపోయాక ఆయన నిట్టూర్చి ఆమె వైపు తిరిగాడు.

"నువ్వైనా కాస్త గట్టిగా చెప్పాల్సింది."

ఆమె చేతిలో కప్పు కింద పెట్టింది. కోపం రాలేదు. కోపమొస్తే బాగుండేది, ఆయన అలవాటు ప్రకారం దాన్ని నవ్వి తీసేసేవాడు. ఆమెకి ఒక లెక్క అర్థమైంది. ఎంత గట్టిగా చెప్తే గట్టిగా చెప్పినట్టు? వాకిట్లో అందరి ముందూ గొంతు పెంచినా చాలలేదు. అరిచి ఉంటే అరిచిందనేవారు. కాగితం మీద రాసి గోడకి అతికిస్తే పిచ్చిదనేవారు. అత్తగారి చెయ్యి విరిగితే, విరగకుండా ఆపనందుకు తప్పు తనది. ఈ ఇంట్లో తన మాట చేరే చెవి లేదు. ఉంటే ఇన్నేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు చేరేది. లేని చెవికోసం ఇంకా గొంతు పెంచుకుంటూ పోతే, మిగిలేది గొంతు పోవడమే.

ఆయన ఏదో జవాబుకోసం చూస్తున్నట్టున్నాడు. "నిద్రొస్తోంది" అని వెళ్లి పడుకుంది. హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు బ్యాంకుకి వెళ్లి, ఆ ఖాతాలో మిగిలింది తీసి, తన ఒక్కదాని పేరు మీద ఇంకో ఖాతా తెరిచింది. కౌంటర్లో అమ్మాయి "సార్ సంతకం కావాలేమో" అని నసిగితే, నిబంధన చూడమ్మా అంది. చూసింది. అక్కర్లేదు. తర్వాత టీచరుకి ఫోన్ చేసింది.

"అమ్మేశారా?"

"నువ్వు వస్తానన్నావుగా" అంది టీచరు. "రానన్నావు, అది వేరే. మొహం చూస్తే వచ్చేదానిలాగే ఉన్నావు. ఇంతకీ, కప్పు సంగతేంటి?"

ఎర్ర కారు ఇంట్లో షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టి ఉంది. బాగుచేయించి అమ్ముదాం, ఎప్పుడో అప్పుడు అని మరిది అంటున్నాడు. "ఒక వారం టైమివ్వండి" అంది ఆమె.

ఆ వారం ఆమె రోజూ ఆసుపత్రి నుంచి ఆలస్యంగా వచ్చింది. అత్తగారికి స్నానం చేయించడానికి, మందులివ్వడానికి ఒక ఆయాని మాట్లాడింది. ఆయాకి ఏది ఎప్పుడివ్వాలో దగ్గరుండి నేర్పింది. ఇదంతా ఇంత వివరంగా ఎందుకని ఎవరూ అడగలేదు. ఆలస్యమెందుకని మాత్రం ఒకసారి అడిగాడు భర్త, ఆకలేస్తే.

శనివారం పొద్దున టీచరు తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. కారు వెళ్తుంటే గేటు దగ్గర నిలబడి చూసింది. అంతలోనే "రెండో గేరు, రెండో గేరు" అని అరిచింది, ఆటస్థలంలో అరిచినట్టు. ఆమె రెండో గేరు వేసింది. టాపు తీసే ఉంది. గాలికి కళ్లు నీళ్లు కారాయి. ఎంత తుడుచుకున్నా కారుతూనే ఉన్నాయి. మార్కెట్ వీధిలో ట్రాఫిక్ ఆగితే ఒక లారీ డ్రైవరు పైనుంచి చూసి, "ఎవరిదమ్మా కారు?" అన్నాడు. నాదే అంది. ఎవరో అడిగినదానికి జవాబు చెప్పడం ఇంత సుళువని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు.

ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టింది. ముందు మరిది వచ్చాడు. కారు చూసి, సొట్ట చూసి, గుడ్డ టాపు అతుకులు చూసి, నవ్వడానికి నోరు తెరిచి, ఎందుకో మళ్లీ మూసేశాడు. వెనక భర్త వచ్చాడు, బనీనుతో, పేపరు చేతిలో పట్టుకుని. పై కిటికీలోంచి కట్టు కట్టిన చేత్తో అత్తగారు చూస్తోంది.

"ఏంటిది?"

"కారండీ. కొనుక్కున్నాను."

ఆయన దాని చుట్టూ తిరిగాడు. ఎవరినడిగి కొన్నావన్నాడు. డబ్బెక్కడిదన్నాడు. మన ఖాతాలో తియ్యడానికి నీకెంత ధైర్యమన్నాడు. ఆమె ఇంజిన్ ఆపలేదు. ఆ చప్పుడు మీదుగా వినబడాలంటే ఆయన గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. వీధిలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. అది చూసి ఆయన గొంతు తగ్గించి, నచ్చచెప్పే గొంతు పెట్టాడు. పెళ్లాంతో పది మందిలో మాట్లాడే గొంతు అది.

"సరే, కొన్నావు. కాస్త బుర్ర పెట్టి ఆలోచించావా? షెడ్డులో ఒకటుంది. వాకిట్లో ఒకటుంది. మూడో కారుకి ఈ ఇంట్లో చోటెక్కడుంది?"

"లేదండీ" అంది ఆమె. "అందుకే ముందు చోటున్న ఇల్లు చూసుకుని, తర్వాత కారు తెచ్చుకున్నాను. నా బట్టలు తీసుకెళ్దామని వచ్చాను, కాస్త గేటు తియ్యండి."